చూపున్న రోగి

వైద్యగ్రంథాల్లో లేని జబ్బులు కథల్లో బోలెడు. రాసేవాడు కలం పుచ్చుకుంటే చాలు, ఓ కొత్త రోగం పుట్టుకొస్తుంది. అయితే ఆ రోగాన్ని అడ్డం పెట్టుకుని ఏం చెప్పదలిచాడన్నదే అసలు సంగతి.

అలాంటి కంటిజబ్బు ఒకదాన్ని హెచ్. జి. వెల్స్ అనే ఆంగ్ల రచయిత 1904లో సృష్టించాడు. ఆ కథను మనం ‘అంధుల దేశం’ అనుకోవచ్చు. ఈక్వడార్ దేశంలో, ఆండీస్ కొండల నడుమ ఓ లోయ. కొండ విరిగిపడి బయటికి దారి మూసుకుపోయింది. లోపలివాళ్ళకు ఏదో వింత జబ్బు సోకింది. పెద్దల చూపు మెల్లగా మందగించింది. తరువాత పుట్టిన పిల్లలకు చూపే లేదు. తరాలు గడిచేసరికి చూపుకు సంబంధించిన మాటలు కూడా మరుగున పడ్డాయి.

ఆ లోయలోకి నూనెజ్ అనే కళ్ళున్నవాడు జారిపడ్డాడు. చెట్లులేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం కదా, ఇక్కడ నేనే రాజును అనుకున్నాడు. తీరా చూస్తే వాళ్ళ ఇళ్ళకు కిటికీలు లేవు. ఆ చీకట్లో తడుముకునేవాడు తనే! వాళ్ళు వెచ్చటి పగళ్ళు నిద్రపోయి, చల్లటి రాత్రిళ్ళు పనులు చేసుకుంటారు. బాటల్లో అడ్డంకి అన్నది ఉండదు. ఏ బాటకా బాటకు అంచురాళ్ళమీద ఓ గాటు గుర్తు. చివరికి నూనెజ్ ఓ పిల్లను ప్రేమించాడు. ఊరి వైద్యుడు పరీక్షచేసి తేల్చేశాడు: వీడి రోగమంతా ఆ కళ్ళే, అవి మెదడును రేపుతున్నాయి, తీసేస్తే కుదుటపడతాడు!

క్లాసులో ఇక్కడికొచ్చేసరికి కుర్రాళ్ళు గొల్లుమంటారు. మా అక్కయ్య మాత్రం నవ్వలేదు. నీటికాసులవల్ల ఆవిడకు రెండు కళ్ళూ పోయి ఆరేళ్ళయింది. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కథంతా వింది.

“కళ్ళు తీసేస్తామనడం ఘోరమేరా తమ్ముడూ. అది సరేగానీ, బాటలకు గాట్లున్నాయన్నావే, అది మళ్ళీ చదువు.”

చదివాను.

“చూశావా! అక్కడ ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకుని నడిపించక్కర్లేదు. ఇక్కడ మరదలు నన్ను వంటింట్లోకి రానివ్వదు, చెయ్యి కాలుతుందని. పొయ్యి ఎక్కడుందో నాకు తెలుసు. నీ పిల్లలు పొద్దున పీట ఎక్కడ వదిలి వెళ్ళారో, అదీ నాకు తెలియనిది!”

మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది. ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే ఉప్పుకూ, కారానికీ, పంచదారకూ చోట్లు ఖాయం చేసింది. డబ్బాలకు దారాలు కట్టింది: ఉప్పుకు ఒక ముడి, పంచదారకు రెండు. పీటలన్నీ గోడవారకు చేరాయి. ఇప్పుడు ఆదివారంనాటి పులుసు అక్కయ్యదే.

1939లో వెల్స్ ఆ కథ ముగింపు మార్చాడు. కొండ బీటవారడం నూనెజ్ కంటపడుతుంది. హెచ్చరిస్తాడు, ఎవరూ నమ్మరు. లోయ కాస్తా కూలిపోతుంది. కళ్ళున్నవాడి మాట వినకపోవడం వాళ్ళకు ఎంత చేటో, కళ్ళు లేనివారి మాట వినకపోవడం మనకూ అంతే కాబోలు. ఎటొచ్చీ మన ఇళ్ళల్లో కొండలు విరగవు. ఓ మనిషి మాట్లాడకుండా మూల కూర్చుంటుంది, అంతే.