ఆరు గంటల దూరంలో జిద్దా

హైదరాబాద్ నుంచి జిద్దాకు ఆకాశమార్గాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి దాదాపు 6 గంటలు చాలు. ముంబయి రేవులో ఓడ ఎక్కిన మన పెద్దలకు సముద్రం మీదే వారానికి పైగా గడిచేది. 1995తో ఆ హజ్ ఓడలు ఆగిపోయాయి. యలమ్లమ్ సమీపిస్తున్నదని ఓడలో ముందుగానే తెలిసేది. స్నానం చేసి, ఇహ్రాం ధరించి, తీరికగా తల్బియా అందుకునేవారు. విమానంలో ఆ తీరిక లేదు. ఉమ్రాకు వెళ్ళినప్పుడు ఆ సంగతి మాకు బాగా తెలిసివచ్చింది.

శంషాబాద్‌లో పెద్ద పెట్టెలు అప్పగించి, ఉదయం 10 గంటలకు విమానంలో కూర్చున్నాక అబ్బాజాన్ చేతిసంచి వెతికారు. ఇహ్రాం వస్త్రాలు అందులో లేవు! "జిద్దాలో దిగాక కట్టుకుంటాను లెండి" అన్నారు. అది కుదరదని ఆయనకూ తెలుసు. తూర్పు నుంచి వచ్చే విమానాలు సాధారణంగా తాయిఫ్ సమీపంలోని ఖర్నుల్ మనాజిల్ హద్దును దాటి జిద్దా చేరతాయి. నజ్ద్ వైపు నుంచి వచ్చేవారికి దైవప్రవక్త (సల్లం) నిర్ణయించిన మీఖాత్ అది. ఉమ్రా సంకల్పించినవారు ఇహ్రాం లేకుండా దానిని దాటితే వెనుదిరిగి వెళ్ళాలి, లేదా పరిహారంగా జంతుబలి ఇవ్వాలి. దిగడానికి ఇంచుమించు అరగంట ఉందనగా ఆ హద్దు వస్తుంది. నిమిషానికి పది కిలోమీటర్లకు పైగా సాగే వాహనంలో 'కాసేపాగి చూద్దాం' అనుకునేలోపే అది వెనుకబడిపోతుంది. (ముందుగా మదీనాకు వెళ్ళేవారికి ఈ ఆందోళన లేదు, మక్కాకు బయలుదేరేటప్పుడు జుల్ హులైఫా వద్ద ఇహ్రాం ధరిస్తారు.)

అమ్మీ ఏమీ మాట్లాడకుండా తన సంచిలోంచి రెండు మందపాటి తెల్లని నూలు దుపట్టాలు తీశారు. నమాజు కోసం తెచ్చుకున్నవి. "అంచులు కుట్టి ఉన్నాయి కదా!" అని అబ్బాజాన్ సందేహించారు. మా బృందంలోని మౌలానా గారు నవ్వి, అంచు కుట్టులో దోషం లేదనీ, పురుషులకు నిషిద్ధమైనవి చొక్కా, పైజామాల వలె దేహానికి తగినట్లు కుట్టిన దుస్తులనీ వివరించారు. ఆ ఇరుకు గదిలో ఎలా కట్టుకున్నారో గాని, మీఖాత్ ప్రకటన వినిపించేసరికి అబ్బాజాన్ సిద్ధంగా కూర్చుని ఉన్నారు. తల్బియా ఆయన గొంతులోనే మొదట వినిపించింది.

దిగేటప్పటికి మా చిన్నమ్మాయి చేతి గడియారంలో 4 గంటలు. "దాదాజాన్, జుహర్ వేళ దాటిపోయిందా?" అని దిగులుపడింది. బయట మాత్రం ఎండ మిట్టమధ్యాహ్నం లాగే ఉంది. జిద్దా సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ ఇంకా ఒకటిన్నరే. సూర్యుడు వెళ్ళే దిక్కుకే మేమూ ప్రయాణించాము కనుక పగలు ఆ మేరకు సాగింది. నమాజు వేళను నిర్ణయించేది మనమున్న చోటి సూర్యుడే కాని, మణికట్టు మీది గడియారం కాదు. తిరుగు ప్రయాణంలో ఇది తలకిందులవుతుంది: గాలి వెనుక నుంచి తోడై ప్రయాణం కొంత తగ్గినా, నమాజు వేళలు ఒకదాని వెంట ఒకటి త్వరపడి వస్తాయి.

విమానాశ్రయంలోనే జుహర్ చేసుకున్నాము. పెట్టె వచ్చింది. తెరిస్తే ఇహ్రాం వస్త్రాలు పై మడతలోనే ఉన్నాయి. "ఇప్పుడు మార్చుకోవచ్చు" అన్నారు మౌలానా గారు. అబ్బాజాన్ పెట్టె మూసి, అమ్మీ దుపట్టాలతోనే మక్కా బస్సు ఎక్కారు.