అండమాన్ ప్రయాణం: గడియారం ఒకటే, సూర్యుడు వేరు



గత డిసెంబరులో మా కుమారుడు పట్టుబట్టి మా దంపతులను అండమాన్ దీవులకు తీసుకువెళ్లాడు. తిరిగి వచ్చినది మొదలు సోమలలోనూ, పుంగనూరులోనూ తెలిసినవారు ఎలా వెళ్లాలని, ఏమేమి చూడాలని అడుగుతూనే ఉన్నారు. అక్కడ నమాజు సంగతి ఏమిటని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజానికి నేను చెప్పవలసినది అదే.

ముందుగా దారి. మన ప్రాంతం వారు చిత్తూరు మీదుగా చెన్నై చేరితే, అక్కడి నుండి పోర్ట్‌బ్లెయిర్‌కు విమానంలో సుమారు రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఈ పట్టణానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా రేవుల నుండి ఓడలు కూడా ఉన్నాయి. ఓడలో దాదాపు మూడు రోజులు పడుతుంది. అవి రోజూ బయలుదేరవు గనుక తేదీలు ముందే విచారించుకోవాలి. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. భారతీయులకు పాస్‌పోర్టు అక్కరలేదు, ఆధార్ వంటి గుర్తింపు కార్డు చాలు. ఆదివాసుల రక్షిత ప్రాంతాలలోకి వెళ్లడం, వారి ఫొటోలు తీయడం నిషిద్ధం. తీరాన దొరికే పగడపు ముక్కలను పిల్లలు సంచిలో వేసుకోకుండా చూడండి. అది చట్టరీత్యా నేరం. భాషకు భయపడనక్కరలేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుండి వెళ్లి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. బజారులో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది.

ఇక అసలు విషయం. అండమాన్‌లోనూ మన గడియారమే నడుస్తుంది. కాని ఆ దీవులు మనకు చాలా తూర్పున ఉన్నందున సూర్యుడు దాదాపు గంట ముందే ఉదయించి, గంట ముందే అస్తమిస్తాడు. డిసెంబరులో జుహర్ వేళ 11.30 లోపే మొదలవుతుంది. సాయంత్రం సుమారు ఐదుకల్లా మగ్రిబ్.

ఈ సంగతి తెలియక నేను నష్టపోయాను. హేవ్‌లాక్ దీవిలోని రాధానగర్ తీరాన కూర్చుని ఉన్నాము. చేతి గడియారం చూసుకుని, మా ఊరిలో అస్ర్ జమాఅత్ 4.45కు గదా, ఇంకా సమయముంది అనుకున్నాను. "ఏమండీ, పొద్దు గుంకుతోంది, అస్ర్ చదివారా?" అని మా ఇంటావిడ అడిగేవరకు నాకు తెలివి రాలేదు. వుజూ కోసం కుళాయి వెతుకుతూ పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి సూర్యుడు నీటిలో మునిగిపోయాడు.

సముద్రపు నీరు పరిశుద్ధమని, దానితో వుజూ చెల్లుతుందని పాతికేళ్లుగా మదరసాలో పిల్లలకు తహారత్ పాఠం చెబుతున్నవాణ్ణి. అంత సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని కుళాయి కోసం వెతికాను! చెప్పిన పాఠం అవసరానికి గుర్తు రానప్పుడు అది నోటికే వచ్చినట్లు, మనసుకు రానట్లు. ఆ రాత్రి ఖజా చేసి, తౌబా చేసుకున్నాను.

కనుక బయలుదేరే ముందే అక్కడి నమాజు వేళల పట్టికను దగ్గర ఉంచుకోండి. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం ఒకేచోట పదిహేను రోజులకు తక్కువగా ఉండే సంకల్పమైతే జుహర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లను రెండేసి రకాతులుగా ఖస్ర్ చేయాలి. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే పూర్తిగా చదవాలి. ప్రయాణంలో తప్పిన నమాజును ఇంటికి వచ్చి తీర్చుకున్నా అది రెండు రకాతులే.

సెల్యులార్ జైలును తప్పక చూడండి. 1906లో పూర్తయిన ఆ కట్టడపు ఏడు విభాగాలలో నేడు మూడే మిగిలాయి. అయితే ఆ జైలు కట్టకముందే ఎందరో ఉలమాలు ఈ దీవులకు ఖైదీలుగా వచ్చారు. అల్లామా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ 1861లో ఇక్కడే కన్నుమూశారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాదు రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌ను కూడా ఇక్కడికే పంపారు. ఆయన మళ్లీ హైదరాబాదు చూడలేదు. 1921 మలబారు తిరుగుబాటు తరువాత తరలించబడిన మాప్పిళ్ళలు తమ పల్లెలకు వండూరు, మంజేరి అని సొంత ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు.

వారు సంకెళ్లతో వచ్చారు, మనం సెలవులకు వెళ్తున్నాం. వారి కోసం ఒక దుఆ చేయండి. సూర్యుని వేళలు మారినా ఖిబ్లా దిశ మాత్రం మన సోమలలో ఉన్నట్లే పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. ప్రయాణంలో మన నమాజులను కాపాడుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.