గడిచిన ఏటి పంచాంగం

ఉగాది సాయంత్రం గోదావరి జిల్లాల్లో ఏ ఊరి గుడికి వెళ్ళినా పంచాంగ శ్రవణం వినిపిస్తుంది. ఈ ఏటికి రాజెవరు, మంత్రెవరు, పంటలెలా ఉంటాయి అన్నవి అయ్యాక సిద్ధాంతిగారు రాశుల్లోకి వస్తారు. అప్పటిదాకా మండపం చివర కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు కూడా అక్కణ్ణుంచి చెవులు రిక్కిస్తారు. ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత. తన రాశి అంకెలు బాగుంటే ఒక నవ్వు, వ్యయం ఎక్కువుంటే పక్కవాళ్ళతో ఒక మాట. మా వైపు చాలా ఇళ్ళలో పిడపర్తివారి పంచాంగం ఉంటుంది. రాశిఫలాల పేజీకి మూల మడిచిపెట్టి ఏడాదంతా మళ్ళీ మళ్ళీ చూసుకునేవాళ్ళని నేనెరుగుదును.

ఆ నాలుగు మాటలంటే నాకెంతో ఇష్టం. ఒక మనిషి ఏడాదిని కొలుచుకోవడానికి అంతకన్నా మంచి కొలతలు నాకు ఏ డైరీలోనూ కనిపించలేదు. డబ్బు సంగతీ ఉంది, మర్యాద సంగతీ ఉంది. వచ్చిందీ ఉంది, పోయిందీ ఉంది. అయితే గుళ్ళో చదివేది రాబోయే ఏటి లెక్క. గడిచిన ఏటి లెక్క చదివి వినిపించే సిద్ధాంతి ఎవరూ ఉండరు. దాన్ని ఎవరికి వారే రాసుకోవాలి. వసంతం రాగానే ఒక నోటుబుక్కు తీసుకుని కూర్చోమని తెలిసినవాళ్ళందరికీ నేను చెబుతూ వస్తున్నది ఇందుకే.

డైరీ అనగానే అందరికీ జనవరి ఒకటో తారీకు గుర్తొస్తుంది. బ్యాంకులోనో ఎరువుల కొట్లోనో ఇచ్చిన డైరీ తెరిచి, నాలుగు పేజీలు రాసి, భోగి మంటల నాటికి వదిలేస్తాం. బద్ధకమని మనల్ని మనం తిట్టుకుంటాం. నేనలా అనుకోను. గోదావరి డెల్టాలో జనవరి దేనికీ మొదలు కాదు, దేనికీ చివర కాదు. వానాకాలం పంట సార్వా ధాన్యం డబ్బులు కొందరికి ఇంకా చేతికి రావాలి. రెండో పంట దాళ్వాకు ఊడ్పులు నడుస్తుంటాయి. కూతుళ్ళూ అల్లుళ్ళూ వస్తారు, అరిసెల పాకం పొయ్యి మీద ఉంటుంది. ఆ సందడి మధ్య కూర్చుని నా బతుకు ఎటు పోతోంది అని ఆలోచించుకునే తీరిక ఎవరికి ఉంటుంది?

చైత్రం సంగతి వేరు. దాళ్వా పండి కోతకొస్తుంది. పిల్లల పరీక్షలు ఒక ఒడ్డుకు చేరతాయి. మార్చి 31తో ఆఫీసుల్లో, కొట్లలో పద్దులు ముగుస్తాయి. వేప పూస్తుంది, మామిడి పిందె కాస్త ఉప్పూకారం అద్దుకుని తినేటంత అవుతుంది. రాజమండ్రి దగ్గర గోదావరి సన్నబడి ఇసుక తిన్నెలు బయటపడతాయి. మనిషి కూడా ఆగి వెనక్కి చూసుకోవడానికి ఇంతకన్నా అనువైన వేళ దొరకదు.

ఈ మాటకు దూరదేశంలో చేసిన ఒక పరిశోధన కూడా తోడొస్తుంది. హెంగ్‌చెన్ దాయ్, క్యాథరీన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే ముగ్గురు, కొత్త కాలం మొదలైందన్న భావన మనుషుల్ని మంచి పనులకు ఎలా కదిలిస్తుందో అమెరికాలో పరిశీలించారు. 2015లో అచ్చయిన వాళ్ళ వ్యాసంలో ఒక చిన్న ప్రయోగం ఉంది. ఒకే తేదీని, మార్చి 20ని, కొందరికి మామూలు గురువారంగా, కొందరికి వసంతం మొదటి రోజుగా చెప్పారు. వసంతం పేరు విన్నవాళ్ళలోనే ఎక్కువమంది తమ పని మొదలుపెట్టమని ఆ రోజు గుర్తుచేయమన్నారు. తారీకు ఒకటే, పేరే మారింది. మనకు ఆ పేరు ఏనాటి నుంచో ఉంది, దానికి పచ్చడీ ఉంది, పండగా ఉంది.

డెల్టాలో ఈ కాలానికి ఇంకో పెద్ద గుర్తు కాలువలు కట్టేయడం. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇప్పుడు ఆ చోట ఆయన పేరుతోనే బ్యారేజీ ఉంది. నదిలో నీళ్ళు చాలని ఏళ్ళలో సీలేరు నుంచి వదిలిన నీళ్ళతో దాళ్వాను గట్టెక్కిస్తారు. ఏప్రిల్‌లో ఆఖరి తడి అందగానే కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. అంతకుముందే ఊళ్ళలో మంచినీళ్ళ చెరువులు నింపి పెట్టుకుంటారు. ఇక ఏడాదంతా నీళ్ళ అడుగున దాగినదంతా బయటపడుతుంది. పేరుకున్న పూడిక, గుర్రపుడెక్క, కోసుకుపోయిన గట్టు, తుప్పు పట్టిన తూము తలుపు, అన్నీ కళ్ళముందు ఉంటాయి. బాగుచేయాలంటే అప్పుడే చేయాలి. జూన్‌లో నీళ్ళు వదిలాక చేయి పెట్టే వీలుండదు.

మనసు విషయంలోనూ ఈ వరసే నాకు సరైనదిగా తోస్తుంది. ముందు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. అంటే, ఏం మారినా సరే నిలుపుకోవలసినవి ఏవో మొదట రాసుకోవాలి. తరువాత అడుగు చూడాలి, పూడిక తీయాలి, తలుపులు సరిచేయాలి. నీళ్ళు ఆ తరువాతి మాట. మనలో చాలామంది నేరుగా నీళ్ళు వదిలేస్తారు. ఈ ఏడు బరువు తగ్గుతాను, ఇంగ్లీషు నేర్చుకుంటాను, అప్పు తీరుస్తాను అని పేజీ నిండా రాస్తారు. కిందటేడు అవే ఎందుకు ఆగిపోయాయో చూడరు. పూడిక ఉన్న కాలువలో ఎన్ని నీళ్ళు వదిలినా శివారు పొలం తడవదు.

ఇక నాలుగు పద్దుల సంగతి. ఆదాయం అంటే జీతం ఒక్కటే కాదు. పక్కింటి మామ్మగారి దగ్గర నేర్చుకున్న పనసపొట్టు కూర ఆదాయమే, ఏళ్ళ తరువాత మళ్ళీ మాట కలిసిన బావగారూ ఆదాయమే. ఇవి రాయకపోతే వచ్చినట్టే తెలియదు.

వ్యయంలో డబ్బుకన్నా కాలం ముఖ్యం. ఏ పనికి ఎన్ని సాయంత్రాలు పోయాయి, ఎవరి పెళ్ళి కోసం ఎంత అప్పు చేశాం, ఫోను ఎంత మింగింది, ఆసుపత్రి వరండాల్లో ఎన్ని రోజులు కూర్చున్నాం. రైతు ఇళ్ళలో ఈ పద్దు రాసే అలవాటు పాతదే. దమ్ముకు ఇంత, ఎరువుకు ఇంత, కోత మిషనుకు ఇంత, కౌలు ఇంత. ఆ లెక్కలకున్న బలాన్ని 2011లో రాష్ట్రమంతా చూసింది. పెట్టుబడి పెరిగి, ధాన్యానికి తగిన ధర లేక, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతుంటే, కోనసీమ రైతులు ఆ ఏడు సార్వా వేయబోమని పంట విరామం ప్రకటించారు. మూడు పంటలు పండగల భూమిని ఖాళీగా వదలడం ఆవేశంలో జరిగే పని కాదు. ఏళ్ళ తరబడి వచ్చిందీ పోయిందీ పక్కపక్కన పెట్టి చూసుకున్నవాళ్ళే ఆ మాట అనగలరు. ఒక పని మానుకోవాలన్న నిర్ణయం కూడా లక్ష్యమేనని ఆ రైతుల వల్లే నాకు బోధపడింది. వసంతంలో కొత్తగా ఏం మొదలుపెడదామా అని అందరూ ఆలోచిస్తారు. ఏది వదిలేద్దాం అన్న ప్రశ్నకు కూడా ఒక పేజీ ఉండాలి.

రాజపూజ్యం చిన్నగానే రాయవచ్చు. మనల్ని నమ్మి సలహా అడిగినవారు, మన పని చూసి బాగుందన్నవారు ఎవరో గుర్తుంచుకుంటే చాలు.

అవమానం దగ్గర మాత్రం ఆగాలి. అది చాలా కష్టమైన పద్దు. పంచాంగంలో అది మనకు జరగబోయేది. నోటుబుక్కులో మనం ఇతరులకు చేసింది కూడా రాయాలి. పనిమనిషితో అన్న మాట, నలుగురిలో భార్యను తీసిపారేసిన సందర్భం, ముసలి తండ్రి రెండోసారి అడిగితే విసుక్కోవడం. రాస్తున్నప్పుడు చేయి బరువెక్కుతుంది. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరురాలితో కలిసి చేసిన అధ్యయనం 1986లో వెలువడింది. విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమను బాగా గాయపరచిన సంఘటనల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ళు మరింత దిగులుపడ్డారు. కానీ జరిగినదాన్నీ, దానివల్ల తమకు కలిగిన బాధనూ కలిపి రాసినవాళ్ళు తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. కాబట్టి ఈ పద్దు నాలుగు రోజులు రాసి మూసేయడం మంచిది. ఏడాది పొడుగునా రోజూ తవ్వుకోవలసింది కాదు. రాయడం భరించలేనంత దుఃఖమైతే పుస్తకం పక్కన పెట్టి మనిషి దగ్గరికి, అవసరమైతే వైద్యుల దగ్గరికి వెళ్ళాలి.

ఈ పేజీల పైన తారీకుతోపాటు సంవత్సరం పేరు కూడా రాయమంటాను. 1832-33 నాటి ఘోరమైన కరువును మన పూర్వులు ఆ ఏటి పేరుతో నందన కరువు అన్నారు. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరి తోటల్ని పడగొట్టిన తుపాను ధాత నామ సంవత్సరంలో వచ్చింది. 2026 ఉగాదితో వచ్చే పరాభవ నామ సంవత్సరం అంతకుముందు 1966లో వచ్చింది, మళ్ళీ 2086లోగానీ రాదు. ఆ పేరు పేజీ మీద పెట్టినప్పుడు, ఈ ఏడాది మళ్ళీ నా చేతికి రాదన్న సంగతి మనసుకు తగులుతుంది.

గోదావరి ఒడ్డు మనుషులకు తమ గురించి తాము రాసుకోవడం కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. 1881 డిసెంబరు 11న అక్కడే మొదటి వితంతు వివాహం జరిపించారు. తరువాతి కాలంలో ఆయన రాసిన స్వీయచరిత్రలో ఆ పోరాటాలు, తగాదాలు, బెదిరింపులు వివరంగా కనిపిస్తాయి. ఆ పెళ్ళిళ్ళకు వంటవాళ్ళూ నీళ్ళు తెచ్చేవాళ్ళూ రాకపోతే భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్ళు మోసి వంట చేశారు. పొలమూరులో 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ తెరిస్తే ఆనాటి గోదావరి ఇళ్ళ లోగిళ్ళు, తిండి, మాట తీరు అన్నీ ఉంటాయి. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు చూపు సహకరించకపోయినా తాను చెబుతూ ఇతరుల చేత రాయించుకుని సాహిత్యాన్ని సాగించారు. వీళ్ళు మహానుభావులు, మనం అంతటివాళ్ళం కానక్కరలేదు. రాయడం అనే పని మాత్రం అందరిదీ.

నిజానికి ఆడవాళ్ళు ఇదివరకే రాస్తున్నారు. వంటింటి గోడ మీది వెంకట్రామా క్యాలెండరు చూడండి. పాలు రాని రోజు దగ్గర సున్నా, గ్యాసు బండ పెట్టిన తారీకు, చీటీ కట్టవలసిన రోజు, ఎవరి పురుడు ఎప్పుడో. ఆవకాయ పెట్టిన రోజు ఎన్ని కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలకు ఎంత ఆవపిండి, ఎంత ఉప్పు పట్టిందో రాసి ఉంచుకునే ఇల్లాళ్ళకు కిందటేటి తప్పు ఈ ఏడు జరగదు. ఏడాది చివర ఆ క్యాలెండరు తీసి అల్మారాలో పరిచేస్తారు. అలా పరిచేముందు ఆ సున్నాలనూ గీతలనూ నోటుబుక్కులోకి ఎత్తుకుంటే అదే సగం డైరీ.

పుస్తకం ఖరీదైనది అక్కరలేదు, పొడుగాటి పద్దుల పుస్తకం చాలు. ఫోనులో కన్నా కాగితం మీదే రాయండి. ఫోను తెరిస్తే రాయడం కన్నా చదవడం ఎక్కువవుతుంది. ఉగాది నుంచి కాలువకు నీళ్ళు వదిలేదాకా రెండు మూడు నెలలు ఉంటాయి. వారానికో పద్దు రాసుకున్నా తీరిగ్గా సరిపోతుంది. లక్ష్యాలు ఆఖర్న, నీళ్ళొచ్చే ముందు రాయాలి. రెండో మూడో ఉంటే చాలు, ఒక్కోదాని పక్కన మొదటి పని ఏ రోజు, ఎక్కడ, ఎవరితో అన్నది ఉండాలి. అప్పు తీరుస్తాను అని రాస్తే సరిపోదు. ఫలానా తారీకున సొసైటీకి వెళ్ళి బాకీ ఎంతో కనుక్కుంటాను అని రాస్తే అది పనిలోకి వస్తుంది. ఆపైన ప్రతి ఋతువు మారినప్పుడూ ఒకసారి పుస్తకం తెరవాలి. ఏరువాకనాడు, దసరా సెలవుల్లో, సార్వా కోతల తరువాత. మధ్యలో రాయని నెలలు ఉంటాయి. వాటి గురించి బెంగ పడకుండా మళ్ళీ కొనసాగించవచ్చు.

ఒక్క మాట అడుగుతాను. మీ ఇంట్లో రాయలేని పెద్దవాళ్ళు ఉంటే, ఈ చైత్రంలో మీ పేజీలతోపాటు వాళ్ళ పేజీ కూడా మీరే రాయండి. పక్కన కూర్చుని, అమ్మా, ఈ ఏడు నీ ఆదాయమేంటి, వ్యయమేంటి అని అడగండి. ఆవిడ ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాసి, కింద ఆవిడ పేరూ సంవత్సరం పేరూ వేయండి.