శబ్దప్రియుల సావాసం

సంగీతమంటే ప్రీతి గలవారు లోకంలో కోకొల్లలు. అయితే ఆ సంగీతం ఏ యంత్రం గుండా, ఏ ముల్లు మీదుగా, ఏ పెట్టెలో నుండి తమ చెవిని చేరుతున్నదో కూడ పట్టించుకొనే జాతి ఒకటి వేరుగా కలదు. ఆ జాతిలో మేమూ చేరినవారమే. ఇంట్లోవాళ్లు మమ్మల్ని పిచ్చివాళ్లంటారు. మాలో మేము రసికులమని చెప్పుకొంటాం. నిజం ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉండివుంటుంది.

కర్నూలు పాతబస్తీలో ఒక రేడియో మరమ్మతు దుకాణం మీది గది మా కూడలి. ఆదివారం నాడు అసర్ నమాజు వేళ దాటిన తరువాత ఒక్కొక్కరమే మెట్లెక్కుతాం. దుకాణం యజమానిని అందరమూ ఉస్తాద్ అనే పిలుస్తాం. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు కలంలా ఒదిగిపోతుంది. పదవీ విరమణ చేసిన రైల్వే గార్డుగారు ఒకరు, బ్యాంకులో పనిచేసే యువకుడు ఒకడు, ఖవ్వాలీ కాసెట్లు గుట్టలుగా పేర్చుకొన్న దర్జీ భాయి ఒకరు, తెలుగు పాఠాలు చెప్పుకొనే మేము. మా కొలువులో మతమూ, జీతమూ, వయస్సూ ఏనాడూ చర్చకు రాలేదు. చర్చకు వచ్చినవల్లా వాల్వుల ఆంప్లిఫయరు గొప్పదా, ట్రాన్సిస్టరుది గొప్పదా అనే విషయమే. ఆ చర్చ ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నది. తీరాలని ఎవరికీ కోరిక ఉన్నట్లు లేదు.

కొత్తవారు మా మాటలు వింటే యంత్రాల వెలలను గురించి మాట్లాడుకొంటున్నామనుకోవచ్చును. కాని మా గదిలో శబ్దాన్ని అన్నిటికంటె ఎక్కువగా బాగుచేసినది పాత బొంత. గోడలు బోడిగా ఉన్నంతకాలం గాయకుని ప్రతి మాటా రెండుసార్లు వినిపించేది. దర్జీ భాయి ఇంటినుండి నాలుగు బొంతలు తెచ్చి స్పీకర్లకు ఎదురుగా వ్రేలాడగట్టారు. ఆనాడు షేక్ చినమౌలానా నాదస్వరం పెట్టాము. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు పొందిన ఆ మహావిద్వాంసుని వాద్యం స్పీకర్లకు గట్టి పరీక్ష. చిన్నగదిలో నాదస్వరం మ్రోగితే ఎంతటి పెట్టెయైనా కీచుమంటుంది. ఆ సాయంత్రం మాత్రం గమకంలోని వంపు వంపూ విడివిడిగా వినవచ్చింది. గార్డుగారు కన్నులు మూసుకొని, “ఇన్నాళ్లూ మనం గోడలను విన్నామయ్యా” అన్నారు.

గార్డుగారి సంపద అంతా 78 వేగపు ప్లేట్లు. నిమిషానికి డెబ్బైయెనిమిది చుట్లు, ఒక వైపు సుమారు మూడు నిమిషాల పాట. లాంగ్ ప్లే రికార్డు 1948లో అమెరికాలో వెలువడినా మనదేశంలో ఈ లక్క ప్లేట్లు 1960 దశకంలో కూడ తయారవుతూనే వచ్చాయి. పౌరాణిక నాటకాల పద్యాలు, హరికథలు, తొలినాటి సినిమా పాటలు వందలాదిగా ఆయన బీరువాలో ఉండేవి. ప్లేటును ముట్టుకొనే ముందు చేతులు కడుక్కోవాలన్నది ఆయన శాసనం. ఉగ్గాని బజ్జీలు తిన్న చేతితో ఎవరైనా బీరువావైపు నడిస్తే ఆయన ముఖం చూడవలసిందే.

ఆ ప్లేట్లకే గండం వచ్చింది. 2009 అక్టోబరు 2న తుంగభద్రా, హంద్రీ ఏకమై కర్నూలును ముంచెత్తిన సంగతి ఈ ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. గార్డుగారి ఇల్లు పల్లపు వీధిలో ఉన్నది. నీరు తీసిన తరువాత బీరువా తలుపు తెరిస్తే బురద పొరలు పొరలుగా జారింది. అప్పటికి మాలో పలువురికి పరస్పరం ముఖపరిచయమే తప్ప స్నేహం లేదు. ఉస్తాద్ తన దుకాణం కూడ మునిగిపోయి ఉన్న ఆ రోజులలోనే, ఎవరో చెప్పగా విని, గార్డుగారి ఇంటికి వెళ్లారట. వెళ్లీ వెళ్లగానే ఆయన చేసిన మొదటి పని, గార్డుగారి చేతిలోని స్పిరిట్ సీసాను లాక్కొనడం. వినైలు రికార్డును స్పిరిట్ కలిపిన నీటితో తుడవవచ్చును గాని లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. వరద మిగిల్చినదానిని సీసా మింగివుండేది. ఆ వారమంతా వారిద్దరూ, పొరుగున ఉన్న దర్జీ భాయీ మంచినీటితో, మెత్తని కుంచెతో ప్లేట్లను కడిగి, మంచం పట్టెకు చేరవేసి నీడలో ఆరబెట్టారు. మా కూటమికి ప్రారంభోత్సవమంటూ ఏదైనా ఉంటే అదే.

లక్క బ్రదికింది. కాగితపు చీటీలు మాత్రం ఊడిపోయాయి. ఏ ప్లేటు ఎవరిదో, ఏ పాటో తెలియని నల్లని చక్రాలు నూటికి పైగా మిగిలాయి. తరువాత ఎన్నో ఆదివారాలు మాకు వాటిని గుర్తుపట్టడమే పని. చీటీ చుట్టూ నున్నని భాగంలో చెక్కిన అంకెలను భూతద్దంతో చదివి బ్యాంకు అబ్బాయి ఒక పుస్తకంలో ఎక్కించాడు. పద్యమైతే ఎత్తుగడ వినగానే ఏ నాటకంలోనిదో గార్డుగారు చెప్పేవారు. ఛందస్సు విషయంలో సందేహం వస్తే మా వంతు. ఉర్దూ గజళ్లు దర్జీ భాయికి వదిలివేశాం. 1902లో కలకత్తాలో పాడిన గౌహర్ జాన్ తన పాటల చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకొనేది. రికార్డులు జర్మనీలో అచ్చువేసేవారికి గాయని ఎవరో తెలియడానికే ఆ ఏర్పాటు అంటారు. తరువాతివారు ఆ అలవాటు ఎందుకు మానుకొన్నారా అని మేము ఎన్నిసార్లు విచారించామో!

ఇక కాసెట్టు సంగతి. రెండేళ్ల క్రిందట దర్జీ భాయి తమ వీధిలోని ఒక ఖాలాను వెంటబెట్టుకొని వచ్చారు. ఆమె బిస్కట్ల డబ్బాలోనుండి గుడ్డలో చుట్టిన కాసెట్టు తీసి బల్లమీద పెట్టింది. ఆమె భర్త 1984లో కువైటునుండి పంపిన మాట్లాడే ఉత్తరమది. అక్షరం రాని ఇళ్లకు ఆ రోజులలో గల్ఫునుండి ఉత్తరాలు ఇలాగే వచ్చేవి; ఊరికి వచ్చేవారి చేతికి కాసెట్టు ఇచ్చి పంపేవారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. కాసెట్టు వరదలో తడిసింది. అప్పుడే కడిగి ఆరబెట్టుకొన్నదట గాని మళ్లీ పెట్టి వినడానికి ధైర్యం చేయలేదు.

ఉస్తాద్ ఆనాడు చాయ్ కూడ తాగలేదు. పాత కాసెట్టు పెట్టెను విప్పి, టేపును కొత్త పెట్టెలోకి మార్చారు. టేపును హెడ్డుకు ఆనించే చిన్న ఉన్నిముక్క ఎప్పుడో రాలిపోయింది. మొదటిసారి పెడితే మాట దుప్పటి క్రిందనుండి వచ్చినట్లున్నది. టేపు పాడైందనే అనుకొన్నాము. ఉస్తాద్ తల అడ్డంగా ఊపి, రికార్డు చేసిన యంత్రపు హెడ్డు కొంచెం ఒరిగివుంటుందని, మన హెడ్డునూ అంతే ఒరగజేయాలని చెప్పి, ప్రక్కనున్న మరను వెంట్రుకవాసి త్రిప్పడం మొదలుపెట్టారు. ఒకచోట హఠాత్తుగా గొంతు తేటపడింది. మాటకు మునుపే ఆ మాట నీడ ఒకటి సన్నగా వినిపించేది. ఏళ్ల తరబడి చుట్టగానే ఉన్న టేపులో ఒక పొర మీది అయస్కాంత ముద్ర ప్రక్కపొరకు అంటడంవల్ల అలా జరుగుతుంది. కారణం తెలిసికూడ మాకు ఒళ్లు జలదరించింది.

బ్యాంకు అబ్బాయి దానిని కంప్యూటరులోకి ఎక్కించి, ఆ నీడనూ, బుసనూ, వెనుకనున్న చప్పుళ్లనూ శుభ్రంగా తొలగించి వినిపించాడు. పనితనానికి వంక పెట్టలేము. ఉస్తాద్‌కు నచ్చలేదు. ఇద్దరికీ మాట పెరిగింది. “ఆ పెద్దామెకు గొంతు వినబడాలా, గోల వినబడాలా?” అని అబ్బాయి, “టేపులో ఉన్నది తీసేసే హక్కు నీకెవరిచ్చారు బేటా?” అని ఉస్తాద్. గోల ఎక్కడుందో తనకేమీ వినిపించడంలేదని గార్డుగారు మధ్యలో అన్నారు. పైశ్రుతులు వయస్సుతోపాటు చెవికి దూరమవుతాయి గనుక ఆయన మాటలో అసత్యం లేదు. మేము మాత్రం అబ్బాయి పక్షమే వహించాము. గొంతుకంటె విలువైనది ఆ టేపులో ఏముంటుందని మా వాదం.

ఖాలా రెండూ విన్నది. శుభ్రం చేసినదానికి కన్నీరు పెట్టుకొన్నది. శుభ్రం చేయనిదానిని వింటూ మధ్యలో చేయెత్తి ఆపమన్నది. వెనుక గిన్నె చప్పుడు, ఆపైన ఎవరో తెలుగులో, “ఉప్పు సరిపోయిందా చూడన్నా” అన్న మాట. ఆమె ఇంటి చిన్న టేపురికార్డరులో ఆ దూరపు మాట ఏనాడూ పలకలేదు. ఆమె మళ్లీ మళ్లీ అదే ముక్క పెట్టించుకొని, “వంట చేసిపెట్టే మనిషి ఉన్నాడన్నమాట. ఒంటిగా తిన్నాడేమో అనుకొంటూ ఉన్నాను ఇన్నేళ్లూ” అన్నది.

ఎవ్వరమూ మాట్లాడలేదు. కొంతసేపటికి అబ్బాయే లేచి, చెరపని ప్రతిని రెండు డిస్కుల మీదికి ఎక్కించి ఆమెకిచ్చాడు. ఉస్తాద్ అసలు కాసెట్టును అదే గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి, అయస్కాంతం ఉంటుంది గనుక స్పీకరు ప్రక్కన పెట్టవద్దని రెండుసార్లు హెచ్చరించారు. ఇంట్లో స్పీకరు లేదని ఆమె నవ్వింది. ఆమెను మెట్లు దింపి వచ్చిన దర్జీ భాయి చాయ్ చల్లారిపోయిందని గొణుగుతూ మళ్లీ పెట్టించారు. గార్డుగారు చేతులు కడుక్కొని, చీటీలేని ప్లేటు ఒకటి తీసి యంత్రం మీద ఉంచారు.