ఊరికే అన్న మాట

మా అబ్బాకు రేడియో రిపేరు షాపు ఉండేది. షాపంటే పెద్దదేం కాదు. బస్టాండు పక్క సందులో రేకుల బంకు. లోపల ఒక బల్ల, ఒక స్టూలు, విప్పిన రేడియోలు, పురి తిరిగిన క్యాసెట్ రీళ్ళు. శ్రీరామనవమి పందిట్లో మైకు కీచుమంటే అబ్బా కోసం మనిషొచ్చేవాడు. రంజాన్ నెలలో మసీదు మైకు మొరాయించినా అబ్బాయే వెళ్ళేవాడు. రెండుచోట్లా కూలి ఒకటే. మసీదులో మాత్రం ఒక్కోసారి కూలికి బదులు దువా చేసి పంపేవాళ్ళు.

బాగుచేసిన రేడియో పాడుతుందో లేదో చూడాలి గదా. అందుకని షాపులో పొద్దస్తమానం పాటలే. పాటలున్నచోట నలుగురు చేరతారు. నలుగురు చేరితే వాదన మొదలు. ఘంటసాల గొప్పా, రఫీ గొప్పా? ఎప్పుడూ ఇదే.

అబ్బా ఘంటసాల మనిషి. ఎన్టీఆర్ 1969లో 'భలే తమ్ముడు'కీ, మళ్ళీ 1979లో 'అక్బర్ సలీం అనార్కలి'కీ రఫీ చేత పాడించాడు. "పాట బాగుంది, కానీ రామారావు నోట్లో ఆ గొంతు అతకలేదు" అనేవాడు అబ్బా. నిజంగానే అనేవాడు. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. "మా మొహమాటానికి అంటున్నావులే సాయిబూ, నీకు లోపల రఫీయేగా" అని భుజం తట్టేవాళ్ళు. అందులో ద్వేషం లేదు. అబ్బా పోసిన చాయ్ తాగుతూ ప్రేమగా అన్న మాటే. కాకపోతే మా అబ్బాకు నచ్చిన పాట ఏదో అబ్బా కంటే ముందు వాళ్ళకే తెలుసు.

ఇక క్రికెట్ సంగతి.

1986 ఏప్రిల్ 18, శుక్రవారం. షార్జాలో ఫైనల్. ఎదురుగా కాఫీ హోటల్లో టీవీ. నేను హైస్కూలు పిల్లాణ్ణి, అబ్బా పక్కన నిలబడి చూస్తున్నాను. చివరి బంతికి పాకిస్తాన్‌కు 4 పరుగులు కావాలి. చేతన్ శర్మ యార్కర్ వెయ్యబోయాడు, ఫుల్‌టాస్ పడింది. మియాందాద్ సిక్సర్ కొట్టాడు. హోటలంతా చచ్చిన ఇల్లయింది. ఆ నిశ్శబ్దంలో అబ్బా తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు: "అలాంటి బంతి పడితే మియాందాద్ వదుల్తాడా?"

"ఎందుకు వదుల్తాడు సాయిబూ, మీవాడు గదా" అన్నారెవరో.

అందరూ నవ్వారు. అబ్బా కూడా నవ్వాడు. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ ఎప్పుడున్నా ఆ రోజు బంకు తీసేవాడు కాదు. "కళ్ళు లాగుతున్నాయి బేటా" అనేవాడు. ఆ రోజుల్లోనే ఎందుకు లాగుతాయో అమ్మీ అడగలేదు. నేనూ అడగలేదు.

మా వీధిలో పాకిస్తాన్ గెలిస్తే లోపల్లోపల సంతోషపడ్డ కుర్రాడు ఒక్కడూ లేడని నేను అబద్ధం చెప్పను. ఉన్నారు. ఏడాది పొడుగునా 'మీవాళ్ళు, మీవాళ్ళు' అని వింటూ పెరిగినవాడు ఒక్కరోజు 'సరే, మావాళ్ళే' అనుకుంటే ఆ పాపం వాడొక్కడిదేనా? ఆ కుర్రాళ్ళే అజారుద్దీన్ ఆడుతుంటే అన్నం మానేసి కూర్చునేవాళ్ళని కూడా చెప్పాలి గదా. ఇంగ్లండు మీద మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినప్పుడు అజార్ 'మన హైదరాబాదీ'. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ పేరుతో బోర్డు జీవితకాల నిషేధం వేసినరోజు మా ఆఫీసులో 'మీవాడు'. ఆ నిషేధం చెల్లదని 2012లో హైకోర్టు అంటే, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనే పేపర్లో చదువుకున్నాను.

ఇంకో తేదీ. 1996 మార్చి 9. బెంగుళూరులో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. సోహైల్ ఫోర్ కొట్టి బ్యాటుతో బౌండరీ వైపు చూపించడం, ఆ వెంటనే వెంకటేష్ ప్రసాద్ వాడి వికెట్ ఎగరగొట్టడం మీ అందరికీ గుర్తే. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. తోటి ఉద్యోగి ఒకాయన మెచ్చుకోలుగా చూసి "భలే, నువ్వు కూడా!" అన్నాడు. ఆ 'కూడా' అన్న మాట దగ్గర నా అరుపు ఆగిపోయింది. అబ్బా సంతోషం లేకుండానే నేరస్థుడయ్యాడు. నేను సంతోషపడి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. రెండింటికీ ఏమంత తేడా ఉంది?

సర్టిఫికెట్లంటే గుర్తొచ్చింది. ఈ విషయంలో నా తప్పూ ఉంది. 'మీవాళ్ళు ఈ దేశానికేం చేశారు' అని ఎవరైనా అడగ్గానే నేను జేబులోంచి పేర్లు తీస్తాను. దూరదర్శన్ 'మహాభారత్'కు మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా అంటాను. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయిన షేక్ చినమౌలానా పేరు చెప్తాను. బుర్రకథ నాజర్ పేరు చెప్తాను. గుర్తింపు కార్డు చూపించినట్టు చూపిస్తాను. చినమౌలానా గారి నాదస్వరాన్ని ఏ అవసరమూ లేకుండా, ఊరికే, నాదస్వరంగా విని ఎన్నాళ్ళయిందో ఆలోచిస్తే సిగ్గేసింది. అబ్బా అలా కాదు. పెళ్ళి ఊరేగింపులో నాదస్వరం వినబడితే చేతిలో పని ఆపేసేవాడు. ఊదేది షేకులా, మరొకరా అని అడిగేవాడు కాదు. "పాటలు హరామ్, బంకులో కట్టెయ్" అని ఒక పెద్దాయన అంటే, "రేడియో బాగైందో లేదో నమాజుతో తెలీదు గదా హజ్రత్" అన్నాడు. అటువాళ్ళకూ ఇటువాళ్ళకూ సమాధానం చెప్పుకుంటూనే ఆయన బతుకు గడిచిపోయింది.

అబ్బా పోయాడు. రేడియోలూ పోయాయి. ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ ఒక బంకుంది. వాదనలన్నీ అందులోనే. అప్పట్లో అన్నమాట గాల్లో కలిసేది. ఇప్పుడు ఫోటో తీసి దాచుకుంటున్నారు.

2021 అక్టోబర్ 24. దుబాయ్‌లో టీ20 ప్రపంచకప్ మ్యాచ్. షాహీన్ అఫ్రిదీ మొదటి ఓవర్లోనే రోహిత్ శర్మను ఎల్బీ చేశాడు. మా అబ్బాయి బౌలింగ్ వేస్తాడు, వాడికి ఆ బంతి నచ్చింది. 'ఏం బంతిరా బాబూ' అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. నేను చూసిన మరుక్షణం తీసెయ్యమన్నాను. "ఎందుకబ్బా? బంతి బాగుంది గదా?" అన్నాడు. "బాగుంది. తీసెయ్" అన్నాను. వాడు నావైపు చూసిన చూపు నాకు తెలుసు. కాఫీ హోటల్ నుంచి ఇంటికొస్తూ అబ్బాను నేనూ అలాగే చూశాను.

ఆ రాత్రి ఇండియా 10 వికెట్ల తేడాతో ఓడింది. పదకొండుమంది ఓడితే తిట్లు మహమ్మద్ షమీకి. అతని తరఫున కెప్టెన్ కోహ్లీ గట్టిగా మాట్లాడాడు, అది మరవను. కానీ పాకిస్తాన్‌ను మెచ్చుకుంటూ స్టేటస్‌లు పెట్టారని ఆగ్రాలో ముగ్గురు కశ్మీరీ విద్యార్థులను అరెస్టు చేశారు. వాళ్ళకు బెయిలు రావడానికి 2022 మార్చి దాకా పట్టింది. నా భయం ఉత్తది కాదని మా అబ్బాయికి ఆ వార్త చూపించాను. నా మాట నెగ్గినందుకు నాకేం సంతోషం కలగలేదు.

2025 ఆగస్టు 3, ఆదివారం. ఓవల్ టెస్టు నాలుగోరోజు. హ్యారీ బ్రూక్ 19 మీదున్నాడు. హైదరాబాదులో ఆటో నడిపిన ఆయన కొడుకు సిరాజ్ బౌండరీ దగ్గర క్యాచ్ పట్టి, తాడు మీద కాలేశాడు. బ్రూక్ 111 కొట్టాడు. నాకు మ్యాచ్ పోతుందన్న బాధ కంటే ముందు ఇంకో దిగులు పట్టుకుంది. ఈ రాత్రికి ఆ పిల్లాణ్ణి ఏమంటారో! ఓ దువా చేశాను. గెలుపు కోసం కాదు, వాడి కోసం. మర్నాడు సిరాజ్ ఆఖరి వికెట్ తీశాడు, ఇండియా 6 పరుగులతో నెగ్గింది. పక్కింటాయన తలుపు కొట్టి మరీ "మనోడు కొట్టేశాడండీ!" అన్నాడు. మంచివాడాయన. నేనూ నవ్వాను, మిఠాయి తిన్నాను.

కానీ ఒకటడుగుతాను. ఆ 6 పరుగులు అటు పడి ఉంటే సిరాజ్ ఎవరివాడు?

నేను కోరేది పెద్దదేం కాదు. రఫీ బాగా పాడలేదనీ, షాహీన్ బాగా వేశాడనీ, సిరాజ్ చెత్తగా వేశాడనీ మీరంతా అన్నట్టే నేనూ ఊరికే అనగలగాలి. మీరు "కాదు, నీకు ఆట తెలీదు" అని నాతో పోట్లాడాలి. ఆట గురించే పోట్లాడాలి.

మొన్న ఏదో మ్యాచ్ చూస్తూ మా అబ్బాయి "బంతి బాగుంది కదబ్బా?" అని మెల్లగా అడిగాడు. బౌలర్ ఎవడో ముందు చూసుకున్నాను. ఆ తర్వాతే బాగుందన్నాను.