తిరువాలంగాటి లకుముకి పిట్ట

చెన్నై నుండి అరక్కోణం పోయే లోకల్ రైలెక్కితే, తిరువళ్ళూరు దాటాక తిరువాలంగాడు. నటరాజస్వామి పంచసభలలో రత్నసభ ఇక్కడిదే.

మొదటిసారి నేనూ మా అమ్మాయీ మిట్టమధ్యాహ్నం చెరువుగట్టు చేరాము. చేపను నోట కరచుకొని ఒక లకుముకి పిట్ట కొమ్మమీద కూర్చున్నది. దగ్గరకు పోతే బొమ్మ స్పష్టంగా పడుతుందని నాలుగడుగులు వేశాను. చేపను జారవిడిచి పిట్ట తుర్రుమన్నది. ఫోటోలో మిగిలింది నీలపు మరక.

"దాని నోటికాడి కూడు తీశావు, నాన్నా!" అన్నది అమ్మాయి.

కారైక్కాల్ అమ్మైయార్ ఈ నేలను పాదాలతో తొక్కరాదని తలతో నడిచి వచ్చిందని ఐతిహ్యం. నా కాళ్ళకు అంత తొందరేల?

రెండవసారి తెల్లవారగానే వెళ్ళి, సూర్యుణ్ణి వీపువెనుక వుంచుకొని, దూరంగా కదలక కూర్చున్నాము. షట్టరు వేగం సెకనులో 1000వ వంతు. ఫోకస్ పిట్ట కంటిమీద. లకుముకి నీలం పూసిన రంగు కాదు, ఈకల సూక్ష్మమైన అల్లిక వెలుగును చెదరగొట్టగా కనబడేది. ఉదయపు మెత్తని వెలుగులో అది నిండుగా పలికింది.

బొమ్మలో పిట్ట చిన్నదే. అయినా కన్ను మెరుస్తున్నది, చేప నోటనే వున్నది. పటం కట్టించమని అమ్మాయే అడిగింది.