తాండూరు నాపబండ

మన వంటయింటఁ బఱచిన నాపబండ పుట్టినిల్లు చూచితిరా? 1874లో నడకకు వచ్చిన ఇనుపదారిని వికారాబాదునుండి పడమరకుఁ బోవఁగా, అనంతగిరి వెనుకఁబడి తాండూరు గనులు గానవచ్చును. ఏఁబదికోట్ల యేండ్లకుఁ బూర్వమే యిచ్చటి సముద్రపుటడుగున సున్నపుబురద పొరలు పొరలుగాఁ బేరుకొని యీ ఱాయియైనది. శాస్త్రము చదువని పనివాఁడును ఆ పొరల సందెఱిఁగి, ఉలి సుత్తెలతోఁ బలకలుగా నూడఁదీయును. ఈ సున్నపుఱాతినే పొడిచేసి, మట్టితోఁ గలిపి కాల్చి సిమెంటు చేయుదురు.

నేఁడు యంత్రములు బండలను గోసి నునుపుచేయుచున్నవి. పని త్వరపడినది, కాని పొడిగాఁ గోసినచో లేచు ధూళి కూలివారి ఊపిరితిత్తులఁ జెఱచును. నీరు విడుచుచుఁ గోసినచో నది చాలవఱ కణఁగును. బండ వన్నెయు వెలయు నడుగు మనము, తడిపి కోసిరా యనియు నడుగవలదా?